మేకు మందం ఎడం

మా బావ వేళ్ళ కొసలకు స్పర్శ లేదు. కాగిన నీళ్ళలో ముంచినా, మంచుగడ్డ మీద ఆనించినా ఆ పదింటికీ ఒకటే. ముప్పై ఒక్క సంవత్సరాలు కోల్డ్ స్టోరేజీలో పనిచేసినందుకు మిగిలిన ఫలం అది. నీరు గడ్డకట్టే స్థితికి మరో పద్దెనిమిది డిగ్రీలు దిగువనుండే గదుల్లో, తలుపుల అంచులకుండే రబ్బరు పట్టీలు మారుస్తూ, గోడల్లో వెంట్రుకవాసి సందున్నా వెతికి పట్టి మూస్తూ ఆయన ఉద్యోగం గడిచింది. చేతితొడుగులతో చిన్న పనులు సాగవని వాటిని తీసి పక్కన పెట్టేవాడు. అలా తీసిపెట్టిన నిమిషాలన్నీ కూడి చివరికి వేళ్ళను పట్టుకుపోయాయి.

తోటి పనివాళ్ళు ఆయనను "ఐసుగడ్డ" అని పిలిచేవారు. ఆ పేరు గదివల్ల వచ్చిందో, స్వభావంవల్ల వచ్చిందో నేను విచారించలేదు. ఆయన ముఖం అవ్యయం వంటిది. లింగ వచన విభక్తులేవీ దానిని మార్చలేవు. పెళ్ళయిన కొత్తలో మా అక్కకు ఆయన రాసిన మొదటి ఉత్తరంలో నేను మూడు తప్పులు దిద్ది తిరుగు టపాలో పంపాను. అప్పటికి నేను ఏడో తరగతి. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. "పంతులమ్మకి నమస్కారాలు" అని మరుసటి ఉత్తరం చివర ఒక ముక్క చేర్చాడు. ఆ బిరుదు ముందు వచ్చింది, ఉద్యోగం తరువాత వచ్చింది. ఉద్యోగం ముగిసి తొమ్మిదేళ్ళయినా బిరుదు నిలిచే ఉంది.

నిరుటి వేసవి చివర అక్కకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మిగిలింది. చక్రాల కుర్చీ వచ్చింది. వాళ్ళ ఇంటికి ముందు తలుపు నేరుగా వీధి మీదికి తెరుచుకుంటుంది, కూర్చునే చోటులేదు. వెనుక తలుపు వంటగదిలో ఉంది. దాని అవతల మూడు మెట్లు, మెట్ల కింద చిన్న పెరడు, పెరడు చివర ప్రహరీగోడ. ఆ మూడు మెట్లే అక్కకు సముద్రమయ్యాయి.

మొదట్లో బావే ఎత్తుకుని దించేవాడు. ఒక చెయ్యి మోకాళ్ళ కింద, మరొకటి వీపు కింద. నలభై కిలోల పెట్టెలు ఎత్తి దించినవాడు గనుక నేర్పుకు లోటులేదు. ఒకనాడు పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ పని ఆపి చూస్తూ నిలబడింది. ఆ రోజు లోపలికి వచ్చాక అక్క అంది:

"ఇంక నన్ను బస్తాలా దించకండి."

"బస్తా ఏంటి?"

"బస్తానే. దించినప్పుడు దిగాలి, ఎక్కించినప్పుడు ఎక్కాలి. ఇంకాసేపు కూర్చుంటానంటే మీ ముఖం చూసి అడగాలి. నా అంతట నేను వెళ్ళగలిగిన రోజు వెళ్తాను. లేదంటే వద్దు."

ఆ తరువాత ఆవిడ ఏడాదికి పైగా గుమ్మం దాటలేదు. అలిగిందనుకుంటే పొరపాటు. అలకకు ఎదుటివాడు బతిమాలుతాడన్న ఆశ ఉంటుంది. ఆవిడకు అదీ లేదు. కుర్చీని వంటగది నుంచి పడకగదికీ, పడకగది నుంచి వంటగదికీ కుడిచేత్తో తిప్పుకునేది. ఒక్క చేత్తో తిప్పితే కుర్చీ ఎడమకు లాగుతుంది, కుడికాలితో నేలను తోసి దానిని దారిలో పెట్టుకోవాలి. నడవలో గోడకు గీతలు పడ్డాయి. వారం వారం ఆ గీతలు తగ్గుతూ వచ్చాయి. బావ వాటిని చూసేవాడు.

వసంతం వచ్చాక ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన వంటగది బల్ల మీద కోల్డ్ స్టోరేజీ వారి పాత గళ్ళ కాగితాలు పరిచి గీతలు గీస్తున్నాడు.

"ఏంటి బావా, మళ్ళీ ఉద్యోగంలో చేరారా?"

"మెట్లెత్తు ఇరవై ఒక్క అంగుళాలు. అంగుళానికి అడుగు చొప్పున వాలు కట్టాలంటే ఇరవై ఒక్క అడుగులు కావాలి. పెరడు పదహారే."

"అయితే?"

"కిందికి దిగడం కుదరదు. నేలనే పైకి తేవాలి."

వంటగది నేలకు సరిసమానంగా, పన్నెండడుగుల పొడవున, పదడుగుల వెడల్పున, చుట్టూ కంచె కట్టిన చెక్క వేదిక. తలుపు తీస్తే చక్రం ఎక్కడా ఎగరకుండా, దిగకుండా సాగిపోవాలి. అదీ ఆయన ఆలోచన. దానిని ఏమని పిలవాలన్నది నాకు చిక్కుగా తోచింది. అరుగు అందామంటే అరుగుకు మట్టీ రాయీ ఉండాలి, అది నేలలో పుట్టి నేలమీదే కూర్చుంటుంది. వసారా అందామంటే పైన కప్పు లేదు. మంచె అందామంటే కాపలా కాయడానికి పంట లేదు. పేరు లేని వస్తువును కట్టకూడదని నియమమేమీ లేదు గనుక ఆయన కట్టడానికి పూనుకున్నాడు. ఆయన దానిని "బల్ల" అన్నాడు. అక్క "బయట" అంది. నేను ఏ పేరూ పెట్టకుండా ఈ వ్యాసం రాస్తున్నాను, చదివేవారు క్షమించాలి.

మా ఊరి వాతావరణానికి మధ్యేమార్గం తెలియదు. వేసవిలో కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. చలికాలంలో అదే ఊచను తడిచేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. రెంటి నడుమ పది పన్నెండు రోజులు ఎడతెగని వాన. అటువంటి చోట బయట చెక్కతో కట్టడమంటే కోరి కష్టం తెచ్చుకోవడమేనని అందరూ అన్నారు. బావ గడ్డపార బయటికి తీశాడు. చలికాలంలో ఇక్కడ మూడడుగుల లోతుదాకా మట్టి గడ్డకడుతుంది. అలా గడ్డకట్టిన మట్టి ఉబ్బి, పైన ఏముంటే దానిని ఎత్తిపారేస్తుంది. ఇది ఆయనకు పుస్తకంలో చదివిన విషయం కాదు. కోల్డ్ స్టోరేజీలో ఒక గది కింద వెచ్చటి గాలి పోయే గొట్టాలు మూసుకుపోయి, కింది మట్టి గడ్డకట్టి, సిమెంటు నేల జానెడు పైకి లేవడం కళ్ళారా చూసినవాడు. అందుకని ఆరు గుంజలకు ఆరు గోతులు, ఒక్కొక్కటి నాలుగడుగుల లోతున, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, మండుటెండలో తానే తవ్వుకున్నాడు.

చెక్కలు అమ్మిన మేస్త్రి పని చూడడానికి వచ్చాడు. ఆయనకు అరమాట మేస్త్రి అని పేరు. ఏం చెప్పినా ఆఖరి వాక్యం పూర్తిచేయడు. క్రియ వచ్చేలోపు ఆగిపోతాడు. నావంటివారికి ఆయనతో మాట్లాడడం మెట్టు లేనిచోట కాలు పెట్టినట్టుంటుంది. గోతులు చూసి తల ఊపాడు. దూలాల మీద రసమట్టం పెట్టి చూసి, మళ్ళీ తల ఊపాడు. పలకలు పరిచే చోటికి వచ్చేసరికి ఆగాడు.

"సార్, పలకకీ పలకకీ మధ్య మేకు మందం ఎడం వదలండి. ఇప్పుడు ఎండకి ముడుచుకుని ఉన్నాయి. వాన పడితే అవి..."

"అవి?"

"చెక్క కదా సార్. నీళ్ళు కూడా కిందికి..."

"మేస్త్రీ, ముప్పై ఒక్క ఏళ్ళు సందులు మూసి జీతం తీసుకున్నాను. నన్ను పట్టుకుని సందు వదలమంటావా?"

"అది చలిగది సార్. ఇది..."

"చక్రం కింద సందులొస్తే కుర్చీ దడదడలాడుతుంది. తనకి నడుం నొప్పి. సందు ఎక్కడున్నా సందే."

మేస్త్రి నా వైపు చూశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి నాలుగో కాలు చూపించడం నా వల్ల అయ్యే పని కాదు. నలభై ఏళ్ళు పిల్లలతో ఆ పనే చేసి అలసిపోయాను.

"ఇల్లు మీది, ఇష్టం మీది. నేను చెక్కలమ్ముకునేవాణ్ణి," అన్నాడు మేస్త్రి. ఆయన చివరిదాకా చెప్పగా నేను విన్న మొదటి మాట అది.

వేసవంతా పని సాగింది. ఇరవై ఆరు పలకలు. పలకకు పద్దెనిమిది మరమేకులు. బావకు మరమేకు పట్టు చేతికి తెలియదు గనుక డ్రిల్లింగ్ మిషన్ మోతను విని, అది ఎప్పుడు బిగిసిందో పోల్చుకునేవాడు. ఒకనాడు అక్కకు మాత్ర ఇస్తుంటే ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈ వేలికేమైంది?"

"ఏం కాలేదు."

"చెక్కపేడు దిగింది. చీము పట్టింది చూడండి. ఎన్నాళ్ళయింది?"

"ఏమో. ఎప్పుడు దిగిందో."

ఆవిడ పట్టకారు తెమ్మని, ఆయన చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో ఆ పేడును లాగింది. అగ్గిపుల్లలో సగముంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరికీ నొప్పి లేదు. నొప్పి లేని చెయ్యి ఒకరిది, నొప్పి తెలియని వేలు మరొకరిది. చూస్తున్న నాకు మాత్రం అరచెయ్యి చురుక్కుమంది.

చివరి పలక బిగించిన రోజు ఆయన ఒక పోస్టుకార్డు తెచ్చి పలకల నడుమ దూర్చి చూశాడు. దూరలేదు.

"చూడు పంతులమ్మా, మీ సంధిలాగా ఉంది. ఎక్కడ అతికిందో చెప్పలేవు."

సంధి జరిగినప్పుడు ఒక అచ్చుకు చోటు పోతుందన్నమాట నాకు నోటిదాకా వచ్చింది, మింగేశాను.

అక్క వంటగది గుమ్మం దగ్గరినుంచి అడిగింది. "అయిందా?"

"కంచె కట్టాలి. కంచె లేకుండా నువ్వు రాకూడదు."

"ఎన్నాళ్ళు?"

"మూడు వారాలు."

"సరే," అంది. ఆ రోజే నాచేత అటకమీది నుంచి ఉన్ని కోటు దింపించి, కుడిచేత్తో ఎలా తొడుక్కోవాలో సాధన చేసింది. పడిపోయిన చేతిని ముందు దూర్చాలి. మామూలుగా మనం చేసేదానికి అది తలకిందులు. నాలుగో రోజుకు ఎవరి సాయమూ లేకుండా బొత్తాలు కూడా పెట్టుకోగలిగింది.

కంచె సగంలో ఉండగా వాన పట్టుకుంది. పదకొండు రోజులు కురిసింది. బావ గొడుగు కిందా, టార్పాలిన్ కిందా కూర్చుని కంచె పూర్తిచేశాడు. పలకలు నిగనిగలాడుతుంటే నునుపు వచ్చిందనుకున్నాడు. అరచేత్తో తడిమినా ఉబ్బు ఆయనకు తెలియదు గదా. పన్నెండో నాడు ఆకాశం తెరిపిచ్చింది, ఆ రాత్రే మంచు పడింది. తెల్లారి అక్క కోటు వేసుకుని, మెడకు శాలువా చుట్టుకుని, కుర్చీలో తలుపు దగ్గరికి వచ్చింది. నన్ను కూడా పిలిపించారు. బావ తలుపు తీశాడు.

పలకలు తడికి ఉబ్బి, పక్కకు జరగడానికి చోటులేక, మధ్యలో వీపులు ఎత్తి లేచాయి. రెండు మూడుచోట్ల మరమేకులు తలలు పెరుక్కుని బయటికొచ్చాయి. లేచిన వీపుల నడుమ నిలిచిన నీరు గాజుపలకలా గడ్డకట్టింది. గుమ్మం దగ్గరి మొదటి పలకే రెండంగుళాలు పైకి లేచి, చక్రానికి అడ్డంగా చిన్న గట్టు కట్టింది. బావ దానిమీదినుంచి ఒక అడుగు వేశాడు. కాలు జారింది. కంచె పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నేను పలకలు లెక్కపెట్టాను. ఎందుకో తెలియదు. కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇరవై ఆరూ ఉన్నాయి.

అక్క కుర్చీ వెనక్కి తిప్పుకుంది. నడవ గోడకు ఎక్కడా తగలకుండా పడకగదికి వెళ్ళిపోయింది.

మేస్త్రి ఆ మధ్యాహ్నం వచ్చాడు. చెప్పానా లేదా అనలేదు. వంగి, ఒక పలక అంచును గోటితో మీటి, లేచి నిలబడ్డాడు.

"విప్పాలి."

"అన్నీనా?" అన్నాను.

"అన్నీ. వంగినవి తిరగేసి బిగించాలి. ఇప్పుడు తడిసి ఉన్నాయి గనక సన్న మేకు మందం చాలు. ఎండితే అదే..."

"ఎన్ని రోజులు?"

"ఇద్దరుంటే నాలుగు. పెద్ద మంచు ఇంకో వారంలో..."

మేస్త్రి వెళ్ళాక బావ రెండు రోజులు వంటగదిలో ఒకేచోట కూర్చున్నాడు. వేళకు మాత్రలిచ్చాడు, వేళకు తిన్నాడు. ఏదైనా అడిగితే బదులిచ్చాడు. పని ఊసు మాత్రం లేదు. ఆయన చేతులు బల్లమీద, ఎవరో మరిచిపోయి వదిలివెళ్ళిన చేతితొడుగుల్లా పడి ఉన్నాయి.

"వసంతంలో చూద్దాం," అన్నాడు రెండో రోజు సాయంత్రం. ఎవరితో అన్నాడో స్పష్టం కాలేదు.

అక్క తన గదిలోంచే అంది. "వసంతంలో ఎందుకు?"

"చలి ముదిరింది. నా చేతులు..."

"మీ చేతులకి చలి తెలీదు కదండీ. ఇన్నాళ్ళూ అదే కదా గొప్ప."

ఆవిడ కుర్చీ తోసుకుంటూ వచ్చి బల్లకు అటువైపు నిలిపింది.

"చూడండి. మళ్ళీ ఆరు నెలలు ఈ గోడలు చూస్తూ కూర్చోగలను. అలవాటైంది. ఆ అలవాటే నాకు నచ్చడం లేదు. రేపు పొద్దున విప్పండి. మరమేకులు నేను పట్టుకుంటాను. ఏమే, నువ్వూ రా."

"నేనా? నాకు సుద్దముక్క పట్టుకోవడమే తెలుసు," అన్నాను.

"పిల్లల చెవులు పట్టుకోలేదా? రా."

అలా నా అరవై ఏడో ఏట వడ్రంగంలో చేరాను. గుమ్మంలో అక్క, ఒళ్ళో గిన్నె. బావ విప్పిన మరమేకు ఆ గిన్నెలో పడేది, బిగించేటప్పుడు మళ్ళీ ఒక్కొక్కటే ఆవిడ చేతిలోంచి వచ్చేది. తలుపు తెరిచే ఉండడంతో వంటగదిలో నీళ్ళ కుండ మీద కూడా పలచటి పొర కట్టింది. మొదటి పలక తిరగేసి పరిచాక, రెండోదానిని దాని పక్కకు జరిపి, నడుమ సన్నమేకు నిలబెట్టి, బావ ఆగిపోయాడు. మేకును కదిపాడు. మళ్ళీ కదిపాడు. నేను వేచి ఉన్నాను. పాఠం రాని పిల్లవాడు లేచి నిలబడ్డప్పుడు తొందరపెట్టకూడదని నాకు తెలుసు.

"పంతులమ్మా."

"చెప్పండి బావా."

"ఇది వదులుగా ఉందా, బిగుతుగా ఉందా? నాకు... తెలీడం లేదు."

ఈ మాట ఆయన ఎన్నడూ అనలేదు. కోల్డ్ స్టోరేజీలో పై అధికారులకూ చెప్పలేదు, వైద్యుడికీ చెప్పలేదు. చెబితే అప్పట్లో పనిలోంచి తప్పిస్తారన్న భయం. తరువాత ఆ భయం పోయినా చెప్పకపోవడం మిగిలిపోయింది. అక్క చేతిలోని మరమేకు గిన్నెలో పడిన చప్పుడు వినిపించింది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని మేకు పట్టుకున్నాను. ఇనుము చల్లదనం ఎముకలోకి దిగింది.

"బిగుతుగా ఉంది. కొంచెం జరపండి. ఇంకొంచెం. చాలు. కదులుతోంది గాని పడటం లేదు."

"సరిగ్గా ఎలా ఉంది?"

"ఊగే పన్నులాగా ఉంది."

"ఎవరి పన్ను?"

"మీదే అనుకోండి, ఉంటే."

అక్క నవ్వింది. పద్నాలుగు నెలల్లో ఆవిడ నవ్వినట్టు నాకు గుర్తులేదు. ముఖంలో సగమే కదిలింది. బావ నవ్వలేదు, డ్రిల్లింగ్ మిషన్ ఎత్తాడు.

నాలుగు రోజులన్నది అయిదయింది. రెండో రోజుకు నా వేళ్ళు వాచాయి, మూడో రోజుకు అవి నావి కావనిపించింది. చేతితొడుగు వేసుకుంటే మేకు తెలియదు, తీస్తే నిలవలేను. ఆయన జీవితమంతా నిలబడిన చోట నేను అయిదు రోజులు నిలబడ్డాను, అంతే. ఎడాలన్నీ కలిసి ఒక పలకంత చోటు తినేశాయి గనుక ఇరవై అయిదు పలకలతో పని ముగిసింది. ఆఖరు మరమేకు బిగించాక బావ ఒక చెంబెడు నీళ్ళు పోశాడు. నీళ్ళు ఎడాల్లోంచి కిందికి జారిపోయాయి. తడి మీద ఉప్పు చల్లి, గుడ్డతో తుడిచాడు.

మరునాడు ఉదయం పదింటికి అక్క కోటు తానే తొడుక్కుంది. బావ కూడా తన కోటు తొడుక్కుని, ఆవిడ వెనక నిలబడి, అలవాటు చొప్పున కుర్చీ పిడుల మీద చేతులు వేశాడు.

"తియ్యండి," అంది.

ఆయన చేతులు తీశాడు.

"తలుపు తియ్యండి. మీరు రావద్దు."

తలుపు తెరుచుకుంది. కుడిచెయ్యి చక్రం తిప్పింది, కుడికాలు నేలను తోసింది. ముందు చిన్న చక్రాలు గుమ్మం దాటాయి. పలకల మీద టక్, టక్ అని చప్పుడు, ఒక్కొక్క ఎడం దగ్గర ఒక్కొక్కటి. నడుం నొప్పికి ఆవిడ ఒకసారి ముఖం చిట్లించింది, ఆగలేదు. కంచె దాకా వెళ్ళి, కుర్చీ బ్రేకు వేసుకుని, ప్రహరీగోడ మీదినుంచి చూస్తూ కూర్చుంది. అక్కడ చూడవలసినదేదీ లేదు. ఆకులు రాలిన చెట్టు, పొరుగింటి నీళ్ళ ట్యాంకు, బూడిదరంగు ఆకాశం.

"తలుపు వెయ్యండి. ఇల్లు చల్లబడుతుంది," అంది వెనక్కి తిరగకుండా.

బావ తలుపు వేశాడు. అది చెక్కతలుపు, అద్దం లేదు. ఆయన గడియ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. పద్నాలుగు నెలల్లో వారిద్దరి నడుమ మూసిన తలుపు ఉండడం ఇదే మొదలు. అవతలినుంచి ఏ చప్పుడూ లేదు. వంటగదిలో నీళ్ళు మరుగుతున్నాయి.

"ఎంతసేపు ఉంటుందంటావ్?" అన్నాడు.

"ఏమో. ఆవిడకే తెలియాలి."

"పిలుస్తుందా?"

"పిలవక్కర్లేదు గదా. తనే వస్తుంది."

ఆయన గడియ మీది చెయ్యి తీశాడు.

"మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి, పంతులమ్మా?"

నలభై ఏళ్ళలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. తెలియనివాటికి రేపు చెబుతాననేదాన్ని.

"కూర్చోండి బావా," అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని, తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు. కోటు మాత్రం విప్పలేదు.